వనామీ రొయ్య పిల్ల పేగు ఖాళీగానో తెల్లగానో కనిపిస్తే: సమస్య - పరిష్కారం

రేపల్లె, నిజాంపట్నం వైపు చెరువుల్లో సీడ్ (రొయ్య పిల్లలు) వేసిన మొదటి నెల రోజూ చూడాల్సింది పేగు. గుంటూరులోనో విజయవాడలోనో ఏ మందు డబ్బా అయినా కొనేది ఆ తర్వాతే.

పేగు ఖాళీ, లివర్ రంగు బాగుంది
ఇది చాలాసార్లు జబ్బు కాదు. మోల్టింగ్ (పెంకు విడవడం) కావచ్చు, నీరు 33 డిగ్రీలు దాటి ఉండొచ్చు, తెల్లవారుజామున ఆక్సిజన్ 4 పీపీఎం కంటే తగ్గి ఉండొచ్చు. మేత మూడో వంతు తగ్గించి, రాత్రంతా ఏరేటర్లు తిప్పండి. మర్నాడు పేగు నిండితే మందు అక్కర్లేదు.

పేగు ఖాళీ, లివర్ పాలిపోయి కుంచించుకుంది, అడుగున చావులు
ముందుగా విబ్రియో అనే బ్యాక్టీరియానే అనుమానించాలి. గుడ్డు నుంచి బయటికొచ్చిన తొలి దశ, నాప్లియస్‌లో పిల్ల తన సొనతోనే బతుకుతుంది, మేత తినదు. తర్వాతి దశ జోయియాలో ఆల్గే (నాచు), ఆపైన ఆర్టీమియా (చిన్న ఉప్పునీటి జీవి) తినడం మొదలయ్యాక వాటితో పాటే బ్యాక్టీరియా పేగులోకి చేరుతుంది. చెరువులో మిగిలిన మేత విబ్రియోకి విందు.

ల్యాబ్‌లో టీసీబీఎస్ ప్లేట్ (విబ్రియోని పెంచి చూసే పరీక్ష) పెట్టించండి. ఆకుపచ్చ కాలనీలు పెరిగితే జాగ్రత్త పడాలి. అయితే ఈఎంఎస్ (పిల్లలు తొలి రోజుల్లోనే చనిపోయే జబ్బు) తెచ్చే విషపు జన్యువు ఉందో లేదో పీసీఆర్ (జన్యు పరీక్ష) మాత్రమే చెప్పాలి, రంగు చెప్పదు.

ఒక రోజు మేత ఆపి, మధ్యలో పేరుకున్న మురుగు తోడేయండి. తర్వాత కిలో మేతకు బాసిల్లస్ ప్రోబయోటిక్ (మేలు చేసే బ్యాక్టీరియా) 5-10 గ్రాములు, 50 మి.లీ. నీటిలో కలిపి పట్టించి, అరగంట నీడలో ఆరబెట్టండి. ఎండలో పెడితే డబ్బు దండగ. బ్లీచింగ్, బీకేసీ, అయోడిన్ లాంటి క్రిమిసంహారకాలు వేసిన రోజు ప్రోబయోటిక్ వేయొద్దు, అవి దాన్నే చంపుతాయి. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ యాంటీబయోటిక్‌ల జోలికి అసలే పోవద్దు: రెండూ నిషిద్ధం, అవశేషం దొరికితే ఎగుమతి కంటైనర్ వెనక్కి వస్తుంది.

నీటిపై తెల్లటి దారాలు, పిల్లల్లో సైజు తేడా
ఇది వైట్ ఫీకల్ (తెల్ల రెట్ట) జబ్బు. మైక్రోస్కోపులో పురుగుల్లా కనిపించేవి తరచూ పురుగులు కావు, లివర్ గొట్టాల లోపలి పొర నుంచి ఊడిన ముక్కలు. వాటిని చూసి పురుగుల మందు పోయడం మామూలే, ఫలితం సున్నా. కొన్ని పిల్లల్ని 95 శాతం ఆల్కహాల్‌లో వేసి ఈహెచ్‌పీ (లివర్‌లో పెరిగే సూక్ష్మ పరాన్నజీవి) పీసీఆర్‌కి పంపండి. ఈహెచ్‌పీ బ్యాక్టీరియా కాదు కాబట్టి యాంటీబయోటిక్ దాన్ని తాకదు. పాజిటివ్ వస్తే పంట తీశాక చెరువు ఎండగట్టి, ఎకరాకు సుమారు 2.4 టన్నుల కాల్చిన సున్నం చల్లి, 10-12 సెం.మీ. లోతు దున్ని తడపాలి. మట్టి పీహెచ్ 12కి చేరాలి, చేరిందో లేదో కొలిచి చూడండి.

సీడ్ కొనేటప్పుడు
తోక వైపు ఆరో కణుపు దగ్గర కండ మందం, పేగు మందం 4:1 నిష్పత్తిలో ఉండాలి. ఈహెచ్‌పీ రిపోర్టు ఆ బ్యాచ్‌దేనా అన్నది అడ్వాన్స్ ఇచ్చే ముందే చూసుకోండి.