తుఫాను నెలల కంటే ముందే కంప్యూటరు ఎస్‌ఎంపీఎస్ చూసుకోండి

అక్టోబరు, నవంబరు వచ్చాయంటే శ్రీకాకుళం తీరానికి వాయుగుండాల భయం మొదలు. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో చాలా ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. కంప్యూటరుకు అసలు గండం కరెంటు పోయినప్పుడు కాదు, తిరిగొచ్చినప్పుడు. అప్పుడు వోల్టేజీ ఎగిరిపడుతుంది. గోడ కరెంటును కంప్యూటరుకు కావాల్సిన తక్కువ వోల్టుల డీసీగా మార్చే డబ్బా ఎస్‌ఎంపీఎస్, అప్పటికే నీరసించి ఉంటే ఆ దెబ్బకు ఆగదు. పోతూ పోతూ మదర్‌బోర్డునో, హార్డ్ డిస్కునో కూడా తీసుకుపోవచ్చు. అందుకే సెప్టెంబరులోనే దాని సంగతి తేల్చుకోవాలి.

దీని జబ్బు ఇలా బయటపడుతుంది. పొద్దున్నే బటన్ నొక్కితే ఫ్యాన్ ఒక చుట్టు తిరిగి ఆగిపోతుంది. రెండోసారీ అంతే. మూడోసారికి మామూలుగా లేచి సాయంత్రం దాకా బాగానే నడుస్తుంది. లోపల కరెంటును కాస్త నిల్వ చేసే కెపాసిటర్లు ఎండిపోతున్నాయని అనుమానించాల్సిన మొదటి గుర్తు ఇదే, కాస్త వేడెక్కితేగాని అవి పనిచేయవు. కొన్ని సిస్టమ్‌లు గేమో, పెద్ద వీడియోనో పెట్టగానే రీస్టార్ట్ అవుతాయి. చాలామంది ముందు ర్యామ్ మార్చి, విండోస్ మళ్లీ వేయించి డబ్బు వదిలించుకుంటారు. తేదీ, టైము మాత్రమే తప్పుతుంటే అది ఎస్‌ఎంపీఎస్ కాదు, బోర్డు మీది సీఆర్2032 సెల్లు చూడండి.

మల్టీమీటరును డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టండి. సిస్టమ్ నడుస్తుండగా, ఎస్‌ఎంపీఎస్ నుంచి మదర్‌బోర్డుకు వెళ్లే 24 పిన్నుల కనెక్టరు వెనకవైపు నుంచి, వైర్లు లోపలికి వెళ్లే చోటే మీటరు మొన దించాలి. మొన జారి రెండు పిన్నులు కలిస్తే బోర్డు పోతుంది. నల్ల మొన నల్ల వైరుకు పెట్టి చూస్తే పసుపు వైరులో 11.4 నుంచి 12.6, ఎరుపులో 4.75 నుంచి 5.25, నారింజలో 3.14 నుంచి 3.47 వోల్టులు ఉండాలి. ఊదా వైరులో, ప్లగ్ పెట్టి ఉంటే సిస్టమ్ ఆఫ్‌లో ఉన్నా 5 వోల్టులు రావాలి. అది లేకపోతే బటన్ ఎంత నొక్కినా లాభం లేదు. ఫ్యాన్లు తిరుగుతూ స్క్రీన్ నల్లగానే ఉంటే బూడిదరంగు వైరు చూడండి, ఆన్ చేసిన అర సెకనులో అక్కడ 5 వోల్టుల దాకా రావాలి.

కొలత ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి, బరువైన పని పెట్టి ఒకసారి తీసుకోండి. పసుపు 12 దగ్గర మొదలై పని పెరిగేకొద్దీ 11.4 కిందకి జారితే ఇక మార్చాల్సిందే. ఆకుపచ్చ వైరును నల్ల వైరుతో కలిపి ఫ్యాన్ తిప్పి చూసే పద్ధతి బతికుందో లేదో చెబుతుందే తప్ప బలం చెప్పదు. మీటరు అంతా బాగుందన్నా సిస్టమ్ ఆగిపోతుంటే, వోల్టేజీలో మీటరుకు చిక్కని చిన్న చిన్న అలలు ఉండొచ్చు. మంచి ఎస్‌ఎంపీఎస్ పెట్టి చూడటమే దారి. కొన్ని బ్రాండెడ్ చిన్న క్యాబినెట్లలో కనెక్టరే వేరు, వాటికి ఈ రంగుల లెక్క పనికిరాదు.

ఎస్‌ఎంపీఎస్ డబ్బా మాత్రం విప్పకండి. ప్లగ్ తీసేసినా లోపలి పెద్ద కెపాసిటరులో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు.

కొత్తది కొనేటప్పుడు 450 వాట్లన్న పెద్ద అక్షరాలు కాదు, స్టిక్కరు మీద 12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లో చూడండి. 18 ఉంటే ఆ లైనులో వచ్చేది 216 వాట్లే.

భావనపాడు, బారువ, కళింగపట్నం వైపు ఉప్పుగాలికి క్యాబినెట్‌లోని దుమ్ము తేమ పీల్చుకుంటుంది. తడి దుమ్ములో కరెంటు పారుతుంది కాబట్టి వానల ముందే బ్రష్‌తో, బ్లోయర్‌తో శుభ్రం చేసి, క్యాబినెట్‌ను నేల మీంచి బల్ల మీదకి ఎక్కించండి. తుఫాను హెచ్చరిక రాగానే ప్లగ్‌తో పాటు ఇంటర్నెట్ కేబులు కూడా పీకేయాలి, పిడుగు దారి అదీ. స్విచ్ ఆపితే చాలదు. జనరేటరు మీద నడపాల్సి వస్తే బోరు మోటారు ఉన్న లైనుకు కలపొద్దు, మోటారు ఆన్ ఆఫ్ అయినప్పుడల్లా వోల్టేజీ ఎగిరిపడుతుంది. తడిసిన ఎస్‌ఎంపీఎస్‌ను ఆరబెట్టి వాడదామనుకోవద్దు, పారేయండి.

కరెంటు వచ్చాక కనీసం అరగంట ఆగండి. మీటరును ఏసీకి మార్చి సాకెట్లో ఫేజు, న్యూట్రల్ మధ్య 216 నుంచి 244 వోల్టులు, న్యూట్రల్, ఎర్తుల మధ్య రెండు మూడు వోల్టుల లోపు ఉందో లేదో చూసి అప్పుడు ప్లగ్ పెట్టండి. మీ ఇంట్లో బల్బు మండిపోతున్నట్టు వెలిగి, పక్కింట్లో మసకబారితే స్తంభం దగ్గర న్యూట్రల్ తెగి ఉండొచ్చు. అప్పుడు మీ సాకెట్లోకి 400 వోల్టుల దాకా రావచ్చు. వెంటనే మెయిన్ ఆపి 1912కు ఫోన్ చేయండి, పక్కింటివాళ్లకీ చెప్పండి.