పగిలిన జాడీ, నల్లబడ్డ ఇత్తడి: పాత సామానుతో హాలు సర్దడం ఎలా?

పాత సామాను హాల్లో పెట్టాలనుకోగానే చాలామంది పాలిష్ వాళ్లకి ఫోన్ చేస్తారు. సగం అందం అక్కడే పోతుంది. ఏది వాడకంతో వచ్చిన గుర్తో, ఏది నిజంగా పాడైందో ముందు తేల్చుకోండి. మొదటిది ఉంచాలి, రెండోది బాగు చేయించాలి.

1. చెక్క: టేకు బల్ల మీద గ్లాసు మరకలు, గీతలు ఉండనివ్వండి. సన్న రంధ్రాలు కనిపిస్తే మాత్రం కింద నల్ల కాగితం పరిచి కొన్ని రోజులు గమనించండి. కొత్తగా పొడి రాలుతుంటే లోపల పురుగు ఉన్నట్టే. మందు కొట్టించాకే హాల్లోకి తేవాలి. వదులైన కాళ్లు వడ్రంగితో బిగించండి. కూర్చుంటే కూలే కుర్చీలో అందమేముంది?

2. ఇత్తడి: చెంబునీ, గంగాళాన్నీ తళతళలాడేలా తోమకండి. ఉబ్బెత్తుగా ఉన్నచోట మాత్రమే చింతపండు గుజ్జు రుద్ది, కడిగి, వెంటనే పొడిగుడ్డతో తుడవండి. పల్లాల్లో నలుపు మిగిలి నగిషీ తేలుతుంది. ఆకుపచ్చ చిలుము మాత్రం వదిలించాల్సిందే.

3. జాడీ: జపాన్‌లో కింట్సుగి అనే పద్ధతి ఉంది. పగిలిన పింగాణీని ఉరుషి చెట్టు జిగురుతో అతికి, అతుకు మీద బంగారు పొడి అద్దుతారు. అది ఆరడానికే వారాలు పడుతుంది. ఇంట్లో చేసుకోవడానికి రెండు ట్యూబుల ఎపాక్సీ జిగురు, బంగారు రంగు మైకా (అభ్రకం) పొడి చాలు.

ముక్కలు కడిగి పూర్తిగా ఆరనివ్వండి. జిగురు లేకుండా ఒకసారి పేర్చి వరస చూసుకోండి. ఇక్కడ తొందరపడితే చివరి ముక్క ఇమడదు. తర్వాత అడుగు నుంచి పైకి ఒక్కో ముక్కా అతుకుతూ, టేపు వేసి ఒక రోజు కదపకుండా ఉంచండి. ఆరాక టేపు తీసి, పొడి కలిపిన ఎపాక్సీని సన్న కుంచెతో అతుకు వెంట గీయండి. గీత కాస్త వంకరపోయినా దిద్దకండి, దిద్దేకొద్దీ అలుక్కుపోతుంది. కిటికీలు తెరిచి, గ్లవుజులు వేసుకుని చేయాలి. అందులో మళ్లీ ఆవకాయ పెడతానంటే కుదరదు, ఎపాక్సీ తిండి పదార్థాలకు పనికిరాదు. ఎండుపూలు పెట్టుకోండి.

4. గుడ్డ: పోచంపల్లి ఇక్కత్‌లో నేయకముందే నూలుకి కట్లు కట్టి రంగు వేస్తారు. మగ్గం మీద పోగులు కాస్త జరుగుతాయి కాబట్టి డిజైను అంచులు చెదిరినట్టుంటాయి. అది నేతలో లోపం కాదు. అంచులు మరీ పదునుగా ఉండి, వెనకవైపు వెలిసినట్టుంటే ప్రింటని అనుమానించండి.

5. చోటు: గోడకొకటి చాలు. అన్నీ ఒకేచోట చేరిస్తే హాలు పాత సామాన్ల కొట్టులా తయారవుతుంది. జాడీకి దీపం పక్కనుంచి పడితే అతుకు మెరుస్తుంది. ఇక్కత్‌ని మాత్రం ఎండ పడే కిటికీ ఎదురుగా వేలాడదీయకండి, రంగు వెలుస్తుంది.