హైవే మీద మన మనసు చేతిలో మోసపోకుండా బండి నడపడం ఎలా?

నెల్లూరు నుంచి ఒంగోలుకు 16వ నంబరు జాతీయ రహదారి మీద దాదాపు 120 కిలోమీటర్లు. రోడ్డు బాగుంటుంది, బండీ బాగుంటుంది. తంటా అంతా నడిపే మనిషితోనే. ఎవరినడిగినా "నేను బాగానే పోతానబ్బా, ఎదుటోళ్లే సరిగా రారు" అంటారు. 1981లో ఓలా స్వెన్సన్ అనే స్వీడన్ పరిశోధకుడు డ్రైవర్లను అడిగితే, వాళ్లలోనూ ఎక్కువమంది తాము మిగతావాళ్లకంటే మెరుగేనన్నారు. మనవైపు అడిగినా ఇదే జవాబు వస్తుంది. అందుకే, వీలైనన్ని నిర్ణయాలు ఇంట్లోనే తీసుకుని బయల్దేరండి.

1. తాళం తిప్పకముందే టైం లెక్క వేసుకోండి

120 కిలోమీటర్లకు 80 స్పీడులో గంటన్నర పడుతుంది. 100లో పోతే 1 గంట 12 నిమిషాలు. మిగిలేది 18 నిమిషాలు. టంగుటూరు టోల్‌గేటు దగ్గర క్యూ ఉంటే అందులో కొంత అక్కడే పోతుంది. ముహూర్తానికి అందాలంటే ఇంట్లోంచి 20 నిమిషాలు ముందు కదలండి, చాలు.

2. ఏ కట్ దగ్గర తిరగాలో ముందే అనుకోండి

నన్నడిగితే మన జిల్లాల్లో అసలు జబ్బు రాంగ్ రూటే. పెట్రోలు బంకు ఎదురుగా కనబడుతుంటుంది, కట్ మాత్రం అర కిలోమీటరు అవతల. "ఇంతే గదా" అంటుంది మనసు. నిన్న ఏమీ కాలేదు, మొన్నా కాలేదు. ఏమీ కాని ప్రతిసారీ ధైర్యం ఇంకాస్త పెరుగుతుంది. ఒకసారి కావలి దాటాక నేనూ అలాగే దూరాను. ఎదురుగా రొయ్యల లారీ. హారన్ విని బండిని మట్టిలోకి దించేశాను. వెనక కూర్చున్న మా ఆవిడ నా చొక్కా పట్టుకున్న పిడికిలి బంకు వచ్చేదాకా వదల్లేదు, ఇంటికెళ్లేదాకా మాట్లాడలేదు.

మీరు 40లో, లారీ 80లో ఎదురెదురుగా వస్తే మధ్యలో ఉన్న 100 మీటర్లు 3 సెకన్లలో అయిపోతాయి. కట్ దాకా పోయి తిరిగి రావడానికి కిలోమీటరు, అంటే 40 స్పీడులో నిమిషంన్నర. వెనక కూర్చున్నవాళ్లకు ముందే చెప్పి పెట్టండి: "నేను రాంగ్ రూట్లోకి తిప్పితే నువ్వు దిగిపో." మా ఇంట్లో ఇప్పుడు ఇదే రూలు.

3. ఊళ్లోకి దిగేటప్పుడు మీటరు చూడండి

గంటసేపు 90లో పోయిన కంటికి 60 కూడా నత్తనడకలా ఉంటుంది. సర్వీసు రోడ్డులోకి దిగగానే ముల్లు ఎక్కడుందో చూసుకోండి, ఒంటిని నమ్మొద్దు.

4. ఉలవపాడు దగ్గర ఖాళీ పెంచండి

మామిడికాయల కాలంలో అక్కడ అందరి చూపూ బుట్టల మీదే. ముందు కారాయన ఇండికేటర్ వేయకుండానే బ్రేకు కొడతాడు. 80లో ఉంటే, ప్రమాదం గుర్తించి మన కాలు బ్రేకు మీదికి పోయేసరికే 30 మీటర్లకు పైగా దాటిపోతాం. ముందు బండి ఒక స్తంభం దాటగానే నింపాదిగా "ఒకటీ... రెండూ" అనుకోండి. అది పూర్తి కాకముందే మీరూ అక్కడికి చేరితే మరీ దగ్గరగా ఉన్నట్టు. వానలో నాలుగు దాకా లెక్కపెట్టండి.

5. నిద్రతో పందెం కాయొద్దు

తెల్లవారుజామున 2 నుంచి 5 దాకా, మధ్యాహ్నం అన్నం తిన్నాక కళ్లు వాటంతటవే మూసుకుపోతాయి. అద్దం దించినా, పాటలు పెట్టినా ఆ నిద్ర ఆగదు. 80లో 4 సెకన్లు కునికితే బండి దాదాపు 90 మీటర్లు నడిపేవాడు లేకుండా పోయినట్టే. ధాబా దగ్గర టీ తాగి, వెంటనే సీటు వాల్చి 20 నిమిషాలు పడుకోండి. లేచే వేళకు టీ పనిచేయడం మొదలవుతుంది.

6. హెల్మెట్, ఫోను

హెల్మెట్ ట్యాంకు మీద పెట్టుకుని పోలీసులు కనబడితే తగిలించుకోవడం మనకు అలవాటే. బండి తాళాన్ని హెల్మెట్‌లోనే పడేయండి, చేతికి రెండూ కలిసే వస్తాయి. ఫోను డిక్కీలో ఉండాలి. చెవిలో పెట్టుకుని మాట్లాడినా చూపు రోడ్డు మీద, మనసు మాటల మీద ఉంటాయి.

"యాడిదాకా వచ్చినావు" అని పది నిమిషాలకోసారి అడిగే ఇంట్లోవాళ్లకూ ముందే చెప్పాలి. మా అత్తమ్మతో నేను అనేది ఇదే: "నువ్వు చేయొద్దత్తా, కావలిలో టీకి ఆగినప్పుడు నేనే చేస్తా."