కడుపుతో ఉన్నప్పుడు మహమ్మారి వస్తే చెకప్‌లు ఎలా: పర్లాకిమిడి, గుణుపూర్ వైపు ఉన్నవాళ్ళకు

కేసులు పెరుగుతున్నాయని వినగానే మన ఇళ్ళల్లో కడుపుతో ఉన్న అమ్మాయిని గడప దాటనివ్వరు. వాళ్ళ భయం నిజమైనదే. కానీ చెకప్‌లు మొత్తం మానేయడం మాత్రం తప్పు, ఎందుకంటే బీపీ, రక్తహీనత, షుగర్ ఈ మూడూ పైకి ఏమీ తెలియకుండానే ముదిరిపోతాయి. అందుకే ఏది మానకూడదో, ఏది ఫోన్‌లో అయిపోతుందో ముందే డాక్టరమ్మతో మాట్లాడి తేల్చుకోండి.

ప్రభుత్వ లెక్క ప్రకారం కనీసం నాలుగు చెకప్‌లు ఉండాలి. మొదటిది 12 వారాల్లోపు. పేరు నమోదు, బ్లడ్ గ్రూపు, హిమోగ్లోబిన్, బీపీ, బరువు, మిగతా రక్త పరీక్షలు అన్నీ ఆ రోజే అవుతాయి కాబట్టి దీన్ని వాయిదా వేయకండి. అయిదో నెల స్కానింగ్, అంటే 18 నుంచి 20 వారాల మధ్య బిడ్డ అవయవాలు చూసేది, ఆ సమయం దాటాక చేయిస్తే అంత ఉపయోగం ఉండదు. షుగర్ టెస్టు 24 నుంచి 28 వారాల మధ్య. 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటల తర్వాత రక్తం తీస్తారు, ఆ రెండు గంటలూ కిక్కిరిసిన వరండాలో కూర్చోకుండా బయట చెట్టు కిందో, ఆటోలోనో కూర్చుంటామని చెప్పి టైముకి లోపలికి వెళ్ళండి. ధనుర్వాతం, డిఫ్తీరియా రాకుండా వేసే టీడీ ఇంజక్షన్లు, తొమ్మిదో నెల చెకప్ కూడా తప్పనిసరి. వాంతులు, గుండెల్లో మంట, నార్మల్‌గా వచ్చిన రిపోర్టు చూపించుకోవడం లాంటివి ఫోన్‌లో కానివ్వొచ్చు. ఫోన్‌లోనే డాక్టరుతో మాట్లాడించే ప్రభుత్వ సేవ, 2020 ఏప్రిల్‌లో మొదలైన ఈ-సంజీవని దీనికి పనికొస్తుంది, డబ్బు అక్కర్లేదు.

స్కానింగ్, రక్త పరీక్ష, డాక్టరమ్మ చూడటం మూడూ ఒకే రోజు పెట్టించుకోండి. మూడుసార్లు తిరిగే పని ఒక్కసారితో పోతుంది. ప్రతి నెలా 9న ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా చూస్తారు, మంచిదే, కానీ ఆ రోజు జనం ఎక్కువ. ఏ టైముకి వస్తే ఖాళీగా ఉంటుందో ఆశా దీదీని అడిగి వెళ్ళండి.

ఇక మన అసలు చిక్కు ఒడిశా-ఆంధ్రా సరిహద్దు. పర్లాకిమిడిలో ఉండేవాళ్ళకు బరంపురం కంటే శ్రీకాకుళం దగ్గర, పాతపట్నం అయితే పక్కనే. అందుకే మనలో చాలామంది చెకప్ అటువైపు, అంటే ఆంధ్రాలో చేయించుకుంటారు, ఆశా దీదీ ఇచ్చే తల్లీబిడ్డ కార్డేమో ఇటువైపు ఒడిశాలో ఉంటుంది. మామూలు రోజుల్లో ఇబ్బంది లేదు. 2020 మార్చి లాక్‌డౌన్‌లో రాష్ట్రాల మధ్య రాకపోకలు ఆగిపోయినప్పుడు పాసు ఉంటే తప్ప దాటే వీలు లేదు. అలాంటి రోజు మళ్ళీ రావచ్చు కాబట్టి మొదటి నెలల్లోనే రెండువైపులా ఒక్కో ఆసుపత్రి అనుకుని పెట్టుకోండి. చూపించుకునేది అటు అయినా, ఇటువైపు పేరు నమోదు మాత్రం వదలకండి. ఒడిశా ప్రభుత్వం గర్భిణులకు ఇచ్చే మమతా పథకం డబ్బుకీ, 102 అంబులెన్సుకీ, ఐరన్ మాత్రలకీ ఆ నమోదే ఆధారం.

కాగితాల సంగతి ఇంకో ముఖ్యమైన మాట. ఇక్కడి తల్లీబిడ్డ కార్డు ఒడియాలో ఉంటుంది, అటువైపు నర్సు చదవలేరు. బ్లడ్ గ్రూపు, హిమోగ్లోబిన్, ప్రతిసారి బీపీ, చివరి నెలసరి తేదీ, డెలివరీ తేదీ ఇవన్నీ ఒక తెల్లకాగితం మీద అంకెల్లో రాసి, కార్డుతో పాటు ఫోటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉంచండి. చెక్‌పోస్టు దగ్గర ఆపినా డాక్టరమ్మ రాసిన చీటీ, కార్డు చూపిస్తే మాట్లాడటం తేలికవుతుంది.

తొలి చూలుకి కన్నవారింటికి పంపే ఆచారం మనందరికీ ఉంది. అటు పంపాలా ఇటే ఉంచాలా అన్నది ఏడో నెలలోనే రెండు కుటుంబాలూ కూర్చుని తేల్చుకోవాలి, తొమ్మిదో నెల వచ్చాక, దారులు మూసేశాక కాదు. అటు వెళ్తే అక్కడి ఆసుపత్రిలో నెలలు నిండకముందే ఒక్కసారైనా చూపించుకుని, అక్కడ కూడా పేరు రాయించుకోవాలి. ఇంకో సంగతి, ఆంధ్రా ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు) అక్కడి కార్డు ఉన్నవాళ్ళకే, ఖర్చు లెక్క వేసుకునేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. సీమంతం ఇంట్లో నలుగురితో కానిచ్చేయండి, పేరంటాళ్ళను తర్వాత పిలవొచ్చు, ఎవరైనా నొచ్చుకుంటే అత్తమ్మగారే సర్దిచెప్పాలి, ఆ భారం కోడలి మీద పెట్టకూడదు.

వెళ్ళే రోజు తోడుగా ఒక్కరే, దగ్గు జలుబు లేనివాళ్ళు వెళ్ళాలి. షేర్ ఆటో కాకుండా మాట్లాడుకున్న ఆటో, పక్కల పరదాలు ఎత్తేసి. ఇద్దరికీ మాస్కు, ఇంటి నుంచి నీళ్ళు, తినడానికి ఏదైనా. అడగాల్సినవి కాగితం మీద రాసుకుని వెళ్తే లోపల గడిపే సమయం తగ్గుతుంది. మీకే జ్వరం, దగ్గు ఉంటే దాచకండి, ముందే ఫోన్ చేసి చెబితే వేరే టైమో, వేరే గదో చూస్తారు. గజపతి, రాయగడ, కోరాపుట్ వైపు ఉండి జ్వరం వస్తే కరోనా పరీక్షతో ఆగకండి, మలేరియా కూడా చూడమనండి, మన అడవి ఊళ్ళలో గర్భిణికి మలేరియా చాలా ప్రమాదం. నొప్పుల మాత్రలు మీ అంతట మీరు వేసుకోవద్దు. కరోనా టీకా గర్భిణులకు ఇవ్వొచ్చని 2021 జులైలో కేంద్రం అనుమతించింది, మీకు అవసరమా అన్నది డాక్టరమ్మనే అడగండి.

ఐరన్ మాత్రలు నాలుగో నెల నుంచి కనీసం 180 రోజులు. రెండు నెలలకు సరిపడా ఒకేసారి ఇమ్మనండి. టీతో వేసుకోకండి, కాల్షియం మాత్రతో కలిపి కూడా వద్దు. ఆసుపత్రికి తరచూ వెళ్ళలేని రోజుల్లో ఇంట్లో చిన్న బీపీ మిషన్ ఉంటే బాగుంటుంది, అయిదు నిమిషాలు ఊరికే కూర్చున్నాక చూసి రాసుకోండి.

ఇవి కనిపిస్తే మాత్రం అపాయింట్‌మెంటూ వద్దు, కేసుల లెక్కలూ వద్దు, వెంటనే ఆసుపత్రికి బయల్దేరండి: బీపీ 140/90 గానీ ఆపైన గానీ ఉండటం, తగ్గని తలనొప్పి, కళ్ళు మసకలు, మొహం చేతులు వాపు, రక్తం కనిపించడం, ఉమ్మనీరు పోవడం, ఆయాసం, బిడ్డ కదలికలు తగ్గడం. కదలికల మీద అనుమానం వస్తే ఎడమవైపు తిరిగి పడుకుని లెక్కపెట్టండి, ఏడు నెలలు దాటినవాళ్ళకు రెండు గంటల్లో పది కూడా రాకపోతే బయల్దేరాల్సిందే. ఇటువైపు 102 గర్భిణుల కోసమే ఉంది, 108 అత్యవసరానికి. అటువైపు 102 అంటే పురుడయ్యాక ఇంటికి దించే తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్, నొప్పులొస్తే అక్కడ 108కే చేయాలి. బండి సరిహద్దు దాటి తీసుకెళ్తుందో లేదో ఆశా దీదీని ఇప్పుడే అడగండి, దాటదంటే ఊళ్ళో కారున్న ఒకరితో మాట్లాడి ఆ నంబరు కార్డు అట్ట మీద రాసి పెట్టుకోండి.