క్యాంపర్ ట్రైలర్ ఎగిరెగిరి పడుతోందా? సీజన్‌కి ముందే కిందికి దూరి చూడండి

మే చివర్లో మెమోరియల్ డే వీకెండ్ వస్తోందంటే అమెరికాలో క్యాంపింగ్ మొదలైనట్టే. చలికాలమంతా కదలని క్యాంపర్ ట్రైలర్లు, అంటే ట్రక్కు వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇళ్లు, ఆ వారమే రోడ్డెక్కుతాయి. రెండేళ్ల కిందట మేమూ అలాగే హ్యూస్టన్ నుంచి ఐ-10 హైవే మీద లూసియానా వెళ్లాం. అట్చఫలాయా చిత్తడి నేలల మీద 18 మైళ్ల వంతెన ఉంది చూడండి, దాని మీద అతుకు వచ్చినప్పుడల్లా వెనక నుంచి దడ్, దడ్. దిగాక తలుపు తీస్తే ఫ్రిజ్ బార్లా తెరిచి ఉంది, కందిపప్పు నేలంతా పరుచుకుంది, ఆవకాయ సీసా పగిలి నూనె మంచం కిందికి పారింది. పై అలమరా స్క్రూలు నాలుగు ఊడి పప్పులో దొరికాయి.

ఆ రాత్రే షాక్ అబ్జార్బర్లు ఆర్డర్ చేయబోయి ఆగాను. ఆగడమే మంచిదైంది. అసలు జబ్బు వేరే చోట ఉంది.

చాలా ట్రైలర్లకు షాక్ అబ్జార్బర్లే ఉండవు. మన లారీలకున్నట్టు ఇరుసుకి కమాన్‌కట్టలు, అంతే. రెండు ఇరుసులుంటే ముందు కట్టకీ వెనక కట్టకీ నడుమ ఈక్వలైజర్ అనే ముక్క తక్కెడలా ఊగుతూ, గతుకెక్కిన చక్రం మీద పడే బరువును రెండోదానితో పంచుతుంది. ఇవన్నీ వేలాడేది కొన్ని బోల్టుల మీద. ఆ బోల్టుల చుట్టూ కంపెనీ వేసేవి తరచుగా ప్లాస్టిక్ బుష్‌లు, అంటే రాపిడి తగ్గించే చిన్న గొట్టపు ముక్కలు, గ్రీజు కొట్టడానికి దారి కూడా ఉండదు. బుష్ అరిగాక ఇనుము మీద ఇనుము రాసుకుంటుంది. మా బండిది విప్పి చూస్తే బుష్ కాగితంలా పలచబడింది, బోల్టు మీద గోరు దిగేంత గాడి పడింది, కమాన్‌కట్టని ఈక్వలైజర్‌కి కలిపే షాకిల్ పట్టీకి గుండ్రంగా ఉండాల్సిన రంధ్రం కోడిగుడ్డులా సాగింది. హైవే మీద ఆ పట్టీ తెగితే ఇరుసు పక్కకి జరిగి టైరు పక్క టైరుకో, బాడీకో ఒరుసుకుంటుంది. అప్పుడు పోయేది ఆవకాయ ఒక్కటే కాదు.

విప్పకముందే కొన్ని తెలిసిపోతాయి. రెండు టైర్ల మధ్య సందు కుడివైపూ ఎడమవైపూ ఒకేలా ఉందా? కమాను పట్టీల్లో పగులుందా? ఈక్వలైజర్ ఒకవైపే వాలిపోయిందా? ఎత్తాల్సి వస్తే జాకీ ఇరుసు గొట్టం కింద పెట్టొద్దు, అది వంగుతుంది. మాన్యువల్ చెప్పిన చోట, ఫ్రేమ్ కింద పెట్టండి. ట్రక్కుకి తగిలించే ఉంచి, ఎత్తని వైపు చక్రాలకు అడ్డు పెట్టి, స్టాండ్లు వేశాకే దూరండి. ఒక్క జాకీని నమ్మి కిందికి వెళ్లొద్దు. కంచు బుష్‌లు, గ్రీజు ఎక్కించే బోల్టులు, మందపాటి షాకిల్స్ కలిపి కిట్‌గా దొరుకుతాయి. అనుభవం లేకపోతే మెకానిక్‌కి ఇవ్వండి. రబ్బరున్న ఈక్వలైజర్, షాక్‌లు ఆ తర్వాతి మాట.

మీది టోర్షన్ ఇరుసైతే కమాన్‌కట్టలుండవు, గొట్టంలోని రబ్బరే స్ప్రింగు. ఇరుసుల మధ్య బరువు పంచే ముక్క కూడా లేదు కాబట్టి ట్రైలర్ సమంగా నిలబడాలి. ముక్కు పైకి లేస్తే భారమంతా వెనక ఇరుసు మీదే.

కుదుపు తగ్గుతుందని టైర్లలో గాలి తీసేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. గాలి తగ్గితే టైరు వేడెక్కి పేలుతుంది. ట్రైలర్ ఎడమవైపు ముందు భాగంలో స్టిక్కర్ ఉంటుంది, అందులో రాసినంత గాలి పొద్దున్నే, బయల్దేరకముందు చూసి పెట్టండి. టైరు పక్కగోడ మీద DOT అని మొదలయ్యే నంబరులో చివరి నాలుగంకెలూ చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. అరుగుదల కనబడకపోయినా ఐదారేళ్లు దాటితే మార్చేయడమే మేలు. కొన్ని ట్రైలర్ టైర్లు గంటకు 65 మైళ్లకే తయారైనవి, ట్రక్కు 80లో పోగలదు కదా అని తొక్కొద్దు.

ఇక బరువు. 40 గాలన్ల ట్యాంకు నింపితే నీళ్లే 330 పౌండ్లు. క్యాంప్‌గ్రౌండ్‌లో నీళ్లుంటే ఇంటి నుంచి మోసుకెళ్లడం దేనికి? మన సామాను సంగతి చెప్పక్కర్లేదు, బియ్యం సంచి, ఇడ్లీ పాత్ర, ఒకసారైతే వెట్ గ్రైండర్ కూడా వచ్చింది. బరువైనవన్నీ వెనక కొసన పెడితే ట్రైలర్ తోకాడిస్తుంది, అటూ ఇటూ ఊగుతుంది. ట్రక్కుకి తగిలించే కొక్కెం మీద పడే బరువు మొత్తంలో 10 నుంచి 15 శాతం ఉండాలి. సామాను సర్దాక ట్రక్ స్టాపులోని క్యాట్ స్కేల్ (బండిని తూచే కాటా) మీద ఒకసారి తూయించండి, అంచనాలతో పనిలేదు.

చక్రాలు విప్పి బిగించారంటే 10, 25, 50 మైళ్ల దగ్గర ఆగి నట్లు టార్క్ రెంచ్‌తో (ఎంత బిగువో కొలిచే పానాతో) మళ్లీ చూడాలి. పెట్రోలు కోసం ఆగినప్పుడల్లా ప్రతి హబ్ (చక్రం నడిమి భాగం) దగ్గరా చెయ్యి పెట్టండి, తాకకుండానే. మూడు గోరువెచ్చగా ఉండి ఒక్కటి సెగలు కక్కుతుంటే బేరింగో బ్రేకో పట్టేసిందన్నమాట. అక్కడి నుంచి ట్రైలర్‌ని కదపకుండా మెకానిక్‌ని పిలిపించండి.