అవ్వ, అమ్మ, ఇంటర్ చదివే పిల్ల కలిసి టీనేజ్ ప్రేమ సినిమా చూడాలంటే

నేను తిరుపతి కొర్లగుంటలో ఇంట్లోనే జాకెట్లు కుడతాను. మా అమ్మది పుత్తూరు, ఇప్పుడు మా దగ్గరే ఉంటుంది. మా అమ్మాయి ఇంటర్ రెండో ఏడు. ఆదివారం సాయంత్రం ముగ్గురం కలిసి సినిమా చూస్తాం, అదీ ఎక్కువగా పదిహేడు పద్దెనిమిదేళ్ల పిల్లల ప్రేమలు, అల్లర్లు, నవ్వులు ఉండేవే. కొలతలివ్వడానికి వచ్చేవాళ్లు "మా అత్త సీరియల్ వదలదు, మా పిల్ల ఫోన్ వదలదు, మీకెట్లా కుదిరిందక్కా" అని అడుగుతుంటారు. వాళ్లకి ముక్కలు ముక్కలుగా చెప్పిందే ఇక్కడ రాస్తున్నా.

మొదటి సినిమా ఇంట్లో అందరికన్నా పెద్దావిడది కావాలి. ఆమె పద్దెనిమిది, ఇరవై ఏళ్ల వయసులో ఏ సినిమాలు ఆడాయో అడిగి, వాటిలోంచి ఒకటి తీసుకోండి. మా అమ్మకైతే అది 1981లో వచ్చిన ముద్దమందారం. జంధ్యాల దర్శకత్వం చేసిన తొలి సినిమా, ప్రదీప్, పూర్ణిమ జంట. పిల్లల సినిమాతో మొదలుపెడితే పెద్దావిడ మొహమాటానికి ఓ అరగంట కూర్చుని, నడుం నొప్పి అని లేచి వెళ్లిపోతుంది. తన కాలం సినిమా అయితే ఆమె మాట్లాడుతుంది. మనకి కావాల్సింది ఆ మాటలే.

మా అమ్మ ఆ రోజు సినిమా సగంలో నా మోచేయి పట్టుకుని, "ఆ కాలంలో పఫ్ చేతుల జాకెట్టు నేనూ కుట్టించుకున్నా మే. మా నాయన చూస్తాడని ఇంట్లో ఉన్నంతసేపూ ఓణీ భుజాల మీద నిండుగా కప్పుకుని తిరిగేదాన్ని. వీధి మలుపు తిరిగినాక తీసేదాన్ని" అంది. ఇన్నేళ్లుగా నేను ఎన్ని జాకెట్లు కుట్టానో, ఆ మాట ఎన్నడూ నాతో అనలేదు. మా పిల్ల ఫోన్ పక్కన బోర్లా పెట్టి, "ఎవరు చూడాలని తీసేదానివి అవ్వా?" అని అడిగింది. సినిమా ఆపేశాం. అలాంటి చోట ఆపేయాలి, కథ ఎక్కడికీ పోదు. రిమోట్ మాత్రం పెద్దావిడ చేతికి ఇవ్వండి, ఎప్పుడు ఆపాలో ఆమెకే తెలుస్తుంది.

ఈ సినిమాలు ఏ వయసు వాళ్లకైనా ఎందుకు పడతాయంటే, వాటిలోని కష్టం ఏమంత పెద్దది కాదు. చీటీ ఎవరి చేతిలో పడుతుందో, ఆ పిల్ల ఇవాళ బస్సెక్కుతుందో లేదో, అంతవరకే టెన్షన్. అది ఒకప్పుడు మనందరం పడిందే కాబట్టి ఎవరూ ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

కానీ పైకి సరదాగా కనిపించేవన్నీ చివరిదాకా సరదాగా ఉండవు. మీలో ఒకరు ముందే చూసి ఉండటం మంచిది. మా కాలం సినిమాలే తీసుకోండి. 2000లో ఒకే సంస్థ, ఉషాకిరణ్ మూవీస్, రెండు తీసింది. ఒకటి చిత్రం, ఇంకోటి నువ్వే కావాలి. 'చిత్రం' సినిమాలో చదువుకునే వయసులోనే ప్రేమించుకున్న ఇద్దరూ తల్లిదండ్రులవుతారు. అది అవ్వ పక్కన కూర్చుని మొదటి వారమే చూసేది కాదు, కాస్త చనువు పెరిగాక పెట్టుకోండి. 'నువ్వే కావాలి' అయితే ఏ వారమైనా పెట్టుకోవచ్చు. చిన్నప్పటి నుంచి స్నేహితులైన ఇద్దరికి ప్రేమ సంగతి నోటి దాకా వచ్చి ఆగిపోతుంటుంది, అంతే కథ. 2008 నాటి కొత్త బంగారు లోకం మొదటి సగం హాయిగా నవ్విస్తుంది, రెండో సగంలో తండ్రి సంగతి వచ్చేసరికి గుండె పట్టేస్తుంది. ఈ మధ్యే ఇంటి పెద్దను పోగొట్టుకున్న ఇల్లయితే ఇప్పుడప్పుడే వద్దు.

పాతదానికీ కొత్తదానికీ మధ్య ఒక వంతెన కావాలి. మా ఇంట్లో అది మిస్సమ్మ. 1955 నాటి ఆ సినిమాలో ఉద్యోగం కోసం ఇద్దరు మొగుడూ పెళ్లాల్లా నటిస్తారు, నటిస్తూ నటిస్తూ మనసులు కలుస్తాయి. మా అమ్మాయికి బాగా ఇష్టమైన ఇంగ్లిష్ సినిమా ఒకటుంది, 2018లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన టు ఆల్ ది బాయ్స్ ఐవ్ లవ్డ్ బిఫోర్. అందులో ఒక పిల్ల తనకి నచ్చిన అబ్బాయిలకి ఉత్తరాలు రాసి పంపకుండా దాచుకుంటే, చెల్లెలు వాటిని పోస్టు చేసేస్తుంది. ఆ చిక్కులోంచి బయటపడటానికి ఒక అబ్బాయితో ప్రేమలో ఉన్నట్టు నటిస్తుంది. ముద్దు సీన్లు ఉన్నాయి, ఆ సంగతి ముందే చెప్పేశాను. మా అమ్మ మాత్రం ఉత్తరాల దగ్గరే ఆగిపోయింది. "పోస్టుడబ్బాలో పడినాక ఇంక ఏం చేయగలుగుతుంది పాపం" అంది. కాసేపటికి "ఇది మన మిస్సమ్మ కథే కద మే" అని తనే కలిపేసింది. ఇలా రెండు వారాల్లో వెనకా ముందూ పెట్టుకోండి, మధ్యలో ఎక్కువ రోజులు పోనివ్వకండి.

కొత్త సినిమాల్లో పెద్దవాళ్లకి అసలు ఇబ్బంది ఫోన్ చాటింగ్. తెర మీద చిన్న అక్షరాలు, అవీ ఇంగ్లిష్ లిపిలో, చదివేలోపే మాయం. ఆ పని పిల్లకి అప్పజెప్పండి. మా అమ్మాయి హీరో మెసేజ్ గొంతు మార్చి చదువుతుంది. హీరోయిన్ చూసి కూడా జవాబివ్వకపోతే "చూసింది అవ్వా, బ్లూ టిక్ పడింది" అంటుంది. మా అమ్మకి ఇప్పుడు బ్లూ టిక్ అంటే ఏమిటో బాగా తెలుసు.

సాయంత్రం నాలుగింటికి మొదలుపెడితే దీపం పెట్టే వేళకి ఇంటర్వెల్ దాటి ఉంటారు, అప్పుడు పది నిమిషాలు ఆపొచ్చు. తినడానికి ఉడకబెట్టిన చెనిక్కాయలు, తిరగమాత పెట్టిన బొరుగులు చాలు. నిప్పట్లు వద్దు. అవి కొరికే చప్పుడుకి, చెవులు కాస్త మందంగా ఉన్న పెద్దావిడకి డైలాగులు వినబడవు, తర్వాత ప్రతి మాటా ఎవరో ఒకరు చెప్పాల్సి వస్తుంది.

ఒక్క సంగతి గట్టిగా చెబుతా. సినిమా మధ్యలో పిల్లని "మీ కాలేజీలో కూడా ఇట్లాంటివి జరుగుతాయా?" అని అడగకండి. "అందుకే చదువుకోమనేది" అని కూడా అనకండి. ఆ మాట పడిందంటే అది మళ్లీ మీ పక్కన కూర్చోదు. అడిగి తీరాలనిపిస్తే అవ్వనే అడగండి, తన కాలంలో ఎట్లా ఉండేదో. పిల్ల తనంతట తాను ఏదైనా చెబితే అప్పుడు వినండి, విని ఊరుకోండి, మర్నాడు దాన్ని గుర్తుచేయకండి.

సినిమా ఎంచుకునే వంతు వారం వారం తిరుగుతుండాలి. ఈసారి మా అమ్మాయి వంతు, 2025లో వచ్చిన లిటిల్ హార్ట్స్ అంటోంది. ఎంసెట్ పోయిన కుర్రాడు కోచింగ్‌లో చేరి ప్రేమలో పడే కథ. మా అమ్మ అప్పుడే "ఎంసెట్ పోతే ఇంట్లో ఏమీ అనరా?" అని అడుగుతోంది.