విఫలమైన శాంతి ఒప్పందాన్ని చదవడం ఎలా: సియెరా లియోన్ పాఠం

పశ్చిమ ఆఫ్రికా దేశం సియెరా లియోన్‌లో అంతర్యుద్ధం 1991 మార్చిలో మొదలై 2002 జనవరిలో ముగిసింది. ఈ నడుమ ఒప్పందాలు కుదిరిన ప్రతిసారీ మళ్లీ తుపాకులు పేలాయి. ఎందుకో తెలుసుకోవాలంటే తేదీల పట్టిక వేసుకుంటే చాలదు, ఒప్పంద పత్రాలనే ముందు పెట్టుకోవాలి.

మొదట, సంతకాల నాటికి ఎవరి బలం దేనిమీద నిలిచి ఉందో రాసుకోండి. 1995లో ఫోడే సంకో తిరుగుబాటు దళాన్ని రాజధాని ఫ్రీటౌన్ దాపు నుంచి, కోనో వజ్రాల గనుల నుంచి తరిమింది ఎగ్జిక్యూటివ్ అవుట్‌కమ్స్ అనే కిరాయి సైన్యం. దాన్ని పంపించివేస్తామని 1996 నవంబరు 30న అబిద్జాన్‌లో కుదిరిన శాంతి ఒప్పందంలో ప్రభుత్వం ఒప్పుకుంది. ఆరు నెలలు నిండకముందే, 1997 మే 25న, సొంత సైనికులే అధ్యక్షుడు కబ్బాను గద్దె దించి, తిరుగుబాటుదారులను రాజధానిలోకి పిలుచుకున్నారు.

తరువాత పదవుల నిబంధనలు చూడండి. 1999 జులై 7న లోమేలో కుదిరిన ఒప్పందం సంకోకు ఉపాధ్యక్షుడి హోదాతో పాటు వజ్రాలు తదితర ఖనిజ వనరులను పర్యవేక్షించే కమిషన్ అధ్యక్ష పదవిని కట్టబెట్టింది. దొంగ చేతికే తాళాలు ఇచ్చారనిపిస్తుంది. అయితే, ఆ జనవరిలోనే తిరుగుబాటుదారుల దాడిలో ఫ్రీటౌన్ తగలబడిందనీ, కబ్బాను తిరిగి గద్దె ఎక్కించి అండగా ఉన్న నైజీరియా తన సేనలను వెనక్కి తీసుకోవాలని చూస్తోందనీ గుర్తుంచుకొని తీర్పు చెప్పాలి.

సంతకాల పుటను మాత్రం వదలకండి. పత్రం అందరికీ క్షమాభిక్ష ప్రకటించింది. కానీ ఐక్యరాజ్యసమితి ప్రతినిధి ఫ్రాన్సిస్ ఒకేలో, జాతిహననానికీ మానవాళిపై నేరాలకూ యుద్ధ నేరాలకూ అది వర్తించదని తన సంతకం దగ్గర చేత్తో రాశారు. తరువాత ఈ యుద్ధంలోని నేరాలను విచారించడానికి ప్రత్యేక న్యాయస్థానం ఏర్పడినప్పుడు ఆ చేతిరాతకు విలువ వచ్చింది.

ఆ పైన, అమలు చేయించే బలం ఎంతో అడగండి. 2000 మేలో తిరుగుబాటుదారులు దాదాపు 500 మంది ఐక్యరాజ్యసమితి శాంతిసైనికులను నిర్బంధించారు. కైలాహున్‌లో వారి ముట్టడిలో చిక్కిన భారత శాంతిసైనికులు జులైలో ఆపరేషన్ ఖుక్రీతో గానీ బయటపడలేదు. మన పత్రికలు దీన్ని శౌర్యగాథగా చెబుతాయి. నిజమే, కాని ఒప్పందాన్ని చదివేవారికి అది ముందుగా ఆ పత్రం బలహీనతకు సాక్ష్యం.

చివరగా, డబ్బు దారి పట్టుకోండి. బ్రిటిష్ సేనలు దిగడం, 2000 జులైలో ధ్రువపత్రం లేని వజ్రాలపై నిషేధం, 2001లో సంకోకు అండ అయిన చార్లెస్ టేలర్ ఏలుతున్న లైబీరియాపై ఆంక్షలు, ఇవి కలిసి తిరుగుబాటుదారుల ఊపిరి తీశాయి. ఇప్పుడు 2000 నవంబరు నాటి అబూజా కాల్పుల విరమణ పత్రాన్ని లోమే పత్రం పక్కన పెట్టండి: లాక్కున్న ఆయుధాలు తిరిగి ఇవ్వాలన్న మాట కనిపిస్తుంది, పదవుల పంపకం కనిపించదు.